పసిబిడ్డకు ఏమి తెలియును అనువారికి మా జవాబు

"పసిబిడ్డకు ఏమి తెలియును?" అను మాట మన యిండ్లలో రోజునకు పదిసార్లు వినబడుచున్నది. బిడ్డ యెదుటనే తగవులాడుకొనువారు ఈ మాట అందురు. బిడ్డ చేతికి సెల్‌ఫోను నిచ్చి తమ పని తాము చూచుకొనువారు ఈ మాట అందురు. నాయనమ్మ తెలుగున లాలింపబోగా "ఆ భాష వద్దు, రేపు బడిలో వెనుకబడును" అని అడ్డుపడువారు కూడ ఈ మాటనే అందురు. ఈ మూడు తెగలవారును పొరబడుచున్నారని మా దృఢాభిప్రాయము. బిడ్డకు మాటలు తెలియవు గాని ముఖములు తెలియును. లెక్కలు తెలియవు గాని తనవారెవరో, పరాయివారెవరో తెలియును. కోపము, భయము, బెంగ, అలుక, నమ్మకము మొదలగు వానిని గుర్తించుట, వానిని అదుపులో నుంచుకొనుట, ఎదుటివారియందు వానిని పోల్చుకొనుట అనునది చుట్టునున్నవారి ముఖముల నుండి, గొంతుల నుండి, చేతుల నుండి బిడ్డ నేర్చుకొను విద్య. ఆ విద్యకు బడి మన యిల్లే. ఆ బడిని మనమే మూసివేయుచున్నామని చెప్పుటకే యీ వ్యాసము.

ఈ విషయము సంఘ పత్రికకు తగదని మా మిత్రులలో కొందరు ముందుగనే ఆక్షేపించిరి. "మన పత్రిక భాషాల్పసంఖ్యాకుల హక్కుల కొరకు నడచుచున్నది. తెలుగు ఉపాధ్యాయులను గూర్చియు, పాఠ్యపుస్తకములను గూర్చియు వ్రాయుడు. ఉయ్యాల సంగతి ఆడవారు చూచుకొందురు" అని వారి వాదము. ఇందులో రెండు తప్పులు కలవు. మొదటిది, ఉయ్యాల సంగతి ఆడవారిదే అనుట. దానికి ముందు ముందు జవాబు చెప్పెదము. రెండవది, హక్కు వేరు, ఉయ్యాల వేరు అనుకొనుట. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేర్చబడిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నించవలెనని ప్రతి రాష్ట్రమునకును చెప్పుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ వీలైనచోట్ల కనీసము అయిదవ తరగతి వరకు ఇంటిభాషలో బోధన జరుగవలెననినది. మంచిదే. కాని మాతృభాష యనగా తల్లి ఒడిలో వినిన భాష గదా! ఒడిలో వినబడని భాషకు బడిలో చోటు కోరుట సరుకు లేని అంగడికి బోర్డు వ్రాయించుట వంటిది. అర్జీలపై సంతకములు చేయు చేతులే యింటికి పోయి నాయనమ్మ నోరు మూయించుచున్నచో ఆ అర్జీలకు విలువ యేమి?

మరియొక సంగతి మొదటనే స్పష్టము చేయవలెను. మాది ఒడియా భాషపై చేయు ఫిర్యాదు కాదు. ఈ యూరు రస్సెల్‌కొండ యను పేర మదరాసు రాజధానిలో నున్న దినముల నుండి మన కుటుంబములు ఇచ్చట నున్నవి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్ర మేర్పడినప్పుడు సరిహద్దు మారినది గాని మనము కదలలేదు. ఘుమ్సర రాజవంశమున బుట్టిన కవిసమ్రాట్ ఉపేంద్ర భంజుని పేరు ఈ యూరికి వచ్చినందుకు మనమును గర్వింతుము. పొరుగింటి ఒడియా తల్లి మన బిడ్డ నెత్తుకొని తన భాషలో జోల పాడిన యెడల అది ఆ బిడ్డ భాగ్యమే. మేము తప్పుపట్టునది ఆమె పాటను గాదు. పాటయు, మాటయు, చూపును లేకుండ బిడ్డను పెంచుటను.

ఇక శాస్త్రజ్ఞులు కనుగొనినవేమో చూతము. ఆరు మొదలు ఎనిమిది వారముల ప్రాయమున బిడ్డ ఎదుటివారి ముఖము చూచి నవ్వుట మొదలిడును. మన పెద్దలు బోసినవ్వు అని మురియునది దీనినే. ఆ నవ్వునకు మనము నవ్వినచో మరల నవ్వును. మన "ఊ" కు తాను "ఊ" అనును. ఇది బేరసారముల వంటి ఇచ్చిపుచ్చుకొనుట. ఎడ్వర్డ్ ట్రోనిక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1970 దశకమున ఒక పరీక్ష చేసెను. తల్లి మొదట బిడ్డతో ఎప్పటివలె ఆడుకొనును. తరువాత రెండు మూడు నిమిషములు ముఖమున ఏ భావమును లేకుండ బిడ్డ వంక ఊరక చూచుచుండును. కొట్టలేదు, తిట్టలేదు, విడిచిపోలేదు. ఐనను బిడ్డ కలవరపడును. ముందు నవ్వి చూచును, చేతులు చాచును, శబ్దములు చేయును. ఎన్ని చేసినను తల్లి ముఖము కదలనప్పుడు ముఖము త్రిప్పుకొని క్రుంగిపోవును, కొందరు ఏడ్చెదరు. రెండు నిమిషముల మౌనమునకే యింత బాధ పడు ప్రాణికి "ఏమి తెలియును" అని యెట్లందుము?

ఆ పరీక్ష 1978లో ప్రకటింపబడినది. నేడు మన యిండ్లలో ఆ పరీక్ష ప్రతిదినము జరుగుచున్నది. ఫోను చూచుచున్న పెద్దవారి ముఖము ఒకసారి గమనింపుడు. కన్నులు దించి, పెదవులు బిగించి, ఏ భావమును లేక యుండును. ఒడిలోని బిడ్డ ఆ ముఖము వంక చూచి, చీర కొంగు లాగి, గొంతెత్తి, చివరకు ఊరకుండును. "మా బిడ్డ ఎంతో బుద్ధిమంతురాలు, అల్లరి చేయదు" అని మనము సంతోషించుచున్నాము. ఊరకుండుట అన్నివేళలను బుద్ధిమంతనము కాదు. అడిగి అడిగి మానుకొనుట కూడ కావచ్చును.

ట్రోనిక్ గారే చెప్పిన మరియొక మాటను ఇచ్చట దాచరాదు. తల్లిబిడ్డల నడుమ పొంతన తప్పుట సహజము, రోజును పలుమారులు తప్పును. తప్పినదానిని మరల కలుపుకొనుటలోనే బిడ్డ ఓర్పును, నమ్మకమును నేర్చుకొనును. కావున ఒక గంట విసుగు చూపితిమని ఏ తల్లియు దిగులుపడ నక్కరలేదు. మరల దగ్గరకు దీసికొనుట మరువకున్న చాలును.

"అట్లైన బిడ్డకే ఫోను ఇచ్చెదము. దానిలో నవ్వు ముఖములు, పాటలు ఎన్నో యున్నవి గదా" అందురు కొందరు. ఈ వాదమునకు 1985లోనే జవాబు దొరికినది. లిన్ మర్రే, కొల్విన్ ట్రెవార్తెన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు తల్లిని ఒక గదిలోను, రెండు నెలల ప్రాయపు బిడ్డను మరియొక గదిలోను ఉంచి టెలివిజను తెరలపై ఒకరి నొకరికి చూపిరి. తల్లి అప్పటికప్పుడు పలుకుచున్నంతసేపు బిడ్డ సంతోషముగ ఆడుకొనెను. పిమ్మట అదే తల్లి, అదే నవ్వు, అవే మాటలు గల ముద్రిత చిత్రమును మరల చూపగా బిడ్డ తికమకపడి దిగాలు పడెను. ఏల? ఆ నవ్వు తన నవ్వునకు జవాబు గాదు గనుక. తల్లి ముఖమే జవాబియ్యనప్పుడు పనికిరాకున్న, ఎవరో గీసిన బొమ్మ ముఖము ఎట్లు పనికివచ్చును?

దీనినే తిప్పి చూచిన ఒక ఊరట కలదు. మన గంజాం జిల్లా నుండి వేలాదిమంది సూరతు మరమగ్గములకు పోయి పనిచేయుచుండుట అందరెరిగినదే. అట్టి యిండ్లలో బిడ్డకు తండ్రి ఫోను తెరమీదనే కనబడును. ఆ తండ్రి రాత్రి పని దిగివచ్చి, బిడ్డ నవ్విన నవ్వి, బిడ్డ దాగిన దోబూచులాడినచో అది జవాబిచ్చు ముఖమే. అమెరికా శిశువైద్యుల సంఘము 2016లో చిన్నబిడ్డలకు తెరలు వలదని చెప్పుచు ఇట్టి ముఖాముఖి సంభాషణను మాత్రము మినహాయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేండ్లు నిండని బిడ్డలకు తెర చూపుట మంచిది కాదనియు, రెండేండ్ల బిడ్డకు దినమునకు గంట మించరాదనియు చెప్పినది. సూరతులోని తండ్రి పదినిమిషములు జవాబిచ్చుచుండగా, ఇంటిలోనే యున్న తండ్రి బిడ్డకు బొమ్మల పాట పెట్టి తాను వేరొక తెర చూచుచున్నాడు. ఇరువురిలో ఎవడు దూరదేశమున నున్నాడో పాఠకులే చెప్పవలెను.

ఇక మన పాత అలవాట్లలోని దోషమును గూర్చి. పూర్వులు చేసినదంతయు బంగారమని మేమనము. "అదిగో బూచాడు", "పోలీసు పట్టుకొనిపోవును", "మీ అమ్మ నిన్ను విడిచి పోయినది, ఇక రాదు" అని బిడ్డను బెదరించి, అది పెదవి విరిచి ఏడ్చుచుండగా చుట్టుచేరి నవ్వుట మనలో వేడుక. ఈ వేడుక యెంత హానికరమో ఒక పరీక్ష వలన తెలియును. 1985లో అమెరికాలో శాస్త్రజ్ఞులు గట్టి అద్దపు పలక క్రింద లోతు కనబడునట్లు ఒక బల్ల నమర్చి, ఏడాది ప్రాయపు బిడ్డలను దానిపై ప్రాకనిచ్చిరి. లోతు కనబడిన చోట బిడ్డ ఆగి ఎదుట నున్న తల్లి ముఖము వంక చూచును. తల్లి నవ్వుచున్నప్పుడు 19 మందిలో 14 మంది దాటిరి. తల్లి భయము నటించినప్పుడు 17 మందిలో ఒక్కరును దాటలేదు. అనగా ఏది భయమో ఏది నిర్భయమో తెలియనప్పుడు బిడ్డ మన ముఖమును త్రాసుగ వాడుకొనుచున్నది. వర్తకులమైన మనకు దొంగ తూనికరాళ్ళు ఎంత పాపమో తెలియును. లేని బూచిని చూపి భయము నటించువాడు బిడ్డ త్రాసులో దొంగ రాయి వేయుచున్నాడు. కొన్నినాళ్ళకు బిడ్డ అన్నిటికిని భయపడును, లేదా మన ముఖమును నమ్ముట మానును. నిజముగ బావి గట్టున నిలిచి మనము కేకవేసిన దినమున ఆ నమ్మకమే దానిని కాపాడవలెను.

మగబిడ్డ ఏడ్చినచో "ఆడదానివా?" అని గద్దించుటయు ఇట్టిదే. బిడ్డ ఏడ్పునకు కారణము కలదు. ఆకలియో, నిద్రయో, నొప్పియో, బెంగయో అది తాను చెప్పలేదు. మనము పోల్చి, పేరు పెట్టి, తీర్చినప్పుడు "నాకు కలిగిన దిది" అని క్రమముగ అదియు పోల్చుకొనును. పోల్చుటకు మారు గద్దించినచో ఏడ్పును దాచుట మాత్రమే నేర్చును. పెద్దయైన పిమ్మట భార్యతోను బిడ్డలతోను నోరు విప్పి మాటలాడలేక, కోపమొక్కటియే చూపు మగవారిని మన వీధులలో వెదుక నక్కరలేదు.

ఇచ్చటనే భాష ప్రసక్తి వచ్చుచున్నది. ఒక పాఠశాలవారు ప్రవేశమునకు వచ్చిన తల్లిదండ్రులతో "ఇంటిలో తెలుగు మానివేయుడు, ఆంగ్లముననే మాటలాడుడు" అని చెప్పిరట. ఆ మాటను వేదవాక్యముగ గైకొని, ఇంకను బోర్లపడని బిడ్డతో కూడ ఆంగ్లము మొదలిడిన యిండ్లను మే మెరుగుదుము. ఆంగ్లము చక్కగ వచ్చినవారు ఆంగ్లమున లాలించిన మాకు ఆక్షేపణ లేదు. రాని తల్లి ఏమి మాటలాడగలదు? అంగడిలో కూర్చుండి వినుచున్నాము గనుక చెప్పుచున్నాము. "కమ్", "సిట్", "ఈట్", "నో", "డోంట్ టచ్". అన్నియు ఆజ్ఞలే. ఓదార్చుట కొక్క మాటయు లేదు, బుజ్జగించుట కొక్క మాటయు లేదు. నోటినిండ మాటలు గల తల్లిని ఐదు మాటల మూగదానిని చేయుచున్నాము. నాయనమ్మ మాట సరేసరి. ఆమెకు ఆ ఐదును రావు. కావున ఆమె మనుమరాలి యెదుట నోరు మూసికొని కూర్చున్నది. ముఖము కదలని తల్లిని చూచి బిడ్డ పడిన బాధను పైన చెప్పితిమి. నోరు మెదపని నాయనమ్మను మనమే తయారు చేయుచున్నాము.

"చిన్నతనమున ఆంగ్లపు ధ్వనులు చెవిని బడిన మంచిది గదా, ఫోనులో వినిపించెదము" అనువారు 2003లో ప్రకటింపబడిన పట్రీషియా కూల్ గారి పరిశోధనను వినవలెను. తొమ్మిది నెలల అమెరికా బిడ్డలకు ఒక చీనా దేశస్థురాలు ఎదుట కూర్చుండి ఆడించుచు, చదివి వినిపించుచు పండ్రెండు పర్యాయములు చీనా భాష మాటలాడగా ఆ బిడ్డలు ఆ భాషా ధ్వనులను పోల్చుకొనిరి. అవే మాటలను తెరపై చూపినను, ముద్రించి వినిపించినను బిడ్డలకు ఏమియు అబ్బలేదు. భాషయే మనిషి లేనిదే అబ్బనప్పుడు మనసు సంగతి చెప్ప నేల?

"రెండు మూడు భాషలు నేర్పిన బిడ్డ మతి చెడును" అను భయమునకును ఆధారము లేదు. దీనికి సీమకు పోనక్కరలేదు, కళింగ ఘాటు దాటిన చాలును. ఉత్కళ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అజిత్ మహంతి గారు కంధమాల్ ప్రాంతమున కొంధు బిడ్డలను పరీక్షించిరి. కుయి భాషను నిలుపుకొని ఒడియాను కూడ నేర్చిన బిడ్డలు ఒక వంక, కుయి పోయి ఒడియా మాత్రమే మిగిలిన కొంధు బిడ్డలు మరియొక వంక. తెలివిని పరీక్షించు పనులలో రెండు భాషలు గలవారే మిన్నగ నుండిరి. ఇంటిభాషను విడుచుట వలన కొండమీది బిడ్డలకు రాని లాభము మన బిడ్డలకు వచ్చునా? మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చి, సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాటుపడిరి. మేము పాత అలవాటు చొప్పున గ్రాంథికపు పోకడలతో వ్రాయుచున్నను, బిడ్డతో ఏ భాషలో మాటలాడవలెనను విషయమున పంతులుగారి పక్షమే మా పక్షము.

తెలుగును నిలుపుకొనవలె ననుటకు అభిమానము గాక మరియొక కారణము కలదు. బిడ్డ మనసునకు పేర్లు పెట్టుటకు మన భాషలో ఎంత సామగ్రి కలదో చూడుడు. అలుక వేరు, కోపము వేరు. ఎవరో వచ్చి బ్రతిమాలుదురను నమ్మకము గల కోపము అలుక. మారాము వేరు, మొండితనము వేరు. గారాబము వేరు, ముద్దు వేరు. ఉక్రోష మనగా చేయలేకపోయినందుకు వచ్చిన ఏడ్పు కోపము. బెంగ యనగా తనవారు కనబడక లోలోపల కృశించుట. "బిడ్డ తల్లిమీద బెంగ పెట్టుకొన్నది, జ్వరము తగిలినది" అని మన అమ్మమ్మలు అనుచుండగా పాశ్చాత్య దేశముల ఆసుపత్రులు ఎన్నో ఏండ్లు బిడ్డల వద్దకు తల్లులను రానిచ్చెడివి కావు. జాన్ బౌల్బీ గారు 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక వ్రాసిన పిమ్మట, జేమ్స్ రాబర్ట్‌సన్ గారు ఆసుపత్రిలోని రెండేండ్ల బిడ్డ బాధను 1952లో చలనచిత్రముగ తీసి చూపిన పిమ్మట, అచ్చటివారు క్రమముగ కన్నులు తెరచిరి.

ఈ పేర్లు అలంకారములు గావు, పనిముట్లు. జూడీ డన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞురాలును ఆమె తోడివారును 1991లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, మూడేండ్ల ప్రాయమున ఏ యిండ్లలో మనోభావములను గూర్చి ఎక్కువ మాటలు నడచునో, ఆ యిండ్ల బిడ్డలు ఆరేండ్లకు ఇతరుల మనసును మెరుగుగ గ్రహింతురు. "తమ్ముడు నీ బొమ్మ తీసికొన్నందుకు ఉక్రోషము వచ్చినదా? వాడికి కావలెనని ఆశ కలిగినది, చూడు" అని చెప్పు నాయనమ్మ ఏ పుస్తకమును చదువకయే ఈ పాఠము చెప్పుచున్నది. ఆమెకు తెలిసిన భాషలోనే ఆమె ఈ పాఠము చెప్పగలదు. ఐదు ఆజ్ఞల భాషలో ఇది చెప్ప సాధ్యము కాదు.

ఇప్పుడు "ఉయ్యాల సంగతి ఆడవారిది" అను మాటకు వచ్చెదము. సుసాన్ సేమూర్ అను అమెరికా పరిశోధకురాలు 1960 దశకమున మన భువనేశ్వరమునకు వచ్చి, పాత పట్టణపు కుటుంబములలోను, క్రొత్త రాజధాని కుటుంబములలోను బిడ్డల పెంపకమును చూచి, పలుమార్లు మరల వచ్చి, 1999లో గ్రంథము ప్రకటించెను. పాత పట్టణపు ఉమ్మడి యిండ్లలో బిడ్డ ఒక్క తల్లి చేతిలోనే పెరుగలేదు. నాయనమ్మ, పెదతల్లి, అక్క, అత్త, ఒకరి చేతి నుండి ఒకరి చేతికి మారుచు పెరిగినది. తాను ఒంటరి కాదనియు, పలువురిలో ఒకరననియు నేర్చినది. మన యిండ్లును అట్టివే. నేడు వేరు కాపురములు వచ్చినవి. కోడలు ఉద్యోగమునకు పోవుచున్నది. పూర్వము పదిచేతులు చేసిన పని ఇప్పుడు రెండు చేతుల మీద పడినది. ఆ రెండు చేతులు అలసి ఫోను నందుకొన్నచో తప్పు వానిదా? అంగడి కట్టి రాత్రి పదిగంటలకు గాని యిల్లు చేరక, చేరిన పిమ్మట లెక్కల పుస్తకము విప్పు మగవారిదా? తల్లులను నిందించుటకు ఈ వ్యాసమును వాడుకొనువారు దీనిని చదువనట్లే. తండ్రి, తాత, మేనమామ ముఖములును ముఖములే. బిడ్డ వానిని కూడ చదువగలదు.

పురుటి పిమ్మట కొందరు తల్లులకు వారముల తరబడి దిగులు పట్టుకొనును. బిడ్డను చూచినను నవ్వు రాదు. "సోమరితనము", "పొగరు" అని మన పెద్దలు కొందరు అందురు. అది జబ్బు, చికిత్స గల జబ్బు. అట్లే ఏ బిడ్డయైనను ఎంత ఆడించినను ముఖము చూడకున్న, పిలుపునకు తిరుగకున్న, ఏడాది దాటినను వ్రేలితో చూపకున్న, దిష్టి యనియో పెంపకపు లోపమనియో కూర్చుండరాదు. వినికిడి లోపము కావచ్చును, ఆటిజము కావచ్చును. తల్లి ప్రేమ చాలనందువలన ఆటిజము వచ్చునను పాత సిద్ధాంతము తప్పని ఎన్నడో తేలినది. బరంపురములో మహారాజ కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. త్వరగ పోవుట మేలు.

చివరి ఆక్షేపణ ఒకటి మిగిలినది. "తీరిక లేదు" అని. బిడ్డ కొరకు ప్రత్యేకముగ గంటలు కేటాయింపుమని ఎవరును కోరుటలేదు. కాళ్ళపై పరుండబెట్టి నూనె రాచి నీళ్ళు పోయునప్పుడు, అన్నము కలిపి పెట్టునప్పుడు, సాంబ్రాణి వేయునప్పుడు, నిద్రపుచ్చునప్పుడు మాటలాడిన చాలును. ఆ పనులు ఎట్లును చేయవలసినవే. కేంద్ర ప్రభుత్వము 2024లో పుట్టినది మొదలు మూడేండ్ల వరకు గల బిడ్డల కొరకు "నవచేతన" అను ప్రణాళికను ప్రకటించి, ఇంటిలో చేయదగిన ఆటపాటలను అంగన్‌వాడీల ద్వారా ఇంటింటికి నేర్పవలెనని తలపెట్టినది. మన అమ్మమ్మలకు చేతనైనదానిని ప్రభుత్వము పుస్తకము వేసి నేర్పవలసి వచ్చినదనగా మనము ఏమి పోగొట్టుకొనుచున్నామో తెలియుటలేదా?

కావున వచ్చు సర్వసభ్య సమావేశమున మేము ఈ ప్రతిపాదనలు చేయనున్నాము. మొదటిది, ఏ సభ్యుని యింటిలోను పెద్దవారిని బిడ్డతో తెలుగు మాటలాడ వలదని అడ్డుపెట్టరాదు. రెండవది, ప్రతి ఆదివారము సాయంకాలము సంఘ భవనమున మూడేండ్ల లోపు బిడ్డలను, వారి యింటి ముసలివారిని కూడ గూర్చవలెను. మైకులు వలదు, బహుమతులు వలదు, ఫోనులు గుమ్మమువద్ద పెట్టవలెను. తండ్రులు తప్పక రావలెను. మూడవది, ఈ ప్రాంతపు మన యిండ్లలో పాడుకొను జోలలు, బిడ్డలను పిలుచుకొను ముద్దుమాటలు, ఒడియా కలసినవైనను సరే, ఒక పుస్తకమున వ్రాయించవలెను. ముసలివారు ఏటేట తగ్గుచున్నారు, తరువాత అడుగుటకు ఎవరు నుండరు. నాలుగవది, బాలెంత యున్న ప్రతి యింటికి సంఘము పక్షమున ఇరువురు పెద్ద ముత్తైదువలు నెలకొకసారి పోయి తల్లి యెట్లున్నదో కనుగొనవలెను. వీనికి కావలసిన స్వల్ప వ్యయమును ఉగాది వేదిక అలంకరణ నుండి తగ్గించుకొనవచ్చును. ఏటికొక దినము వేదికపై తెలుగు వెలిగి, తక్కిన దినములు ఉయ్యాల వద్ద ఆరిపోయిన ఫలమేమి?

ఒప్పుకొననివారు సమావేశమునకు వచ్చి ఎదిరింపవచ్చును, లేదా ఈ పత్రికకే జవాబు వ్రాయవచ్చును. తప్పక ప్రకటింతుము. కాని "పసిబిడ్డకు ఏమి తెలియును" అను మాటతో మాత్రము వాదము మొదలుపెట్ట వలదని కోరుచున్నాము. ఆ మాట అనుటకు ముందు ఒక పసిబిడ్డ యెదుట కూర్చుండి, దాని కన్నులలోనికి చూచి, ఒకసారి నవ్వి, తరువాత ఏమి జరుగునో గమనించి రావలెను.